చింతగింజంత మైలుతుత్తం

నిజామాబాదులో చేపల తొట్టె ఉన్న ఇళ్ళు వెతికితే వందైనా దొరుకుతాయి. ఉప్పునీళ్ళ తొట్టె ఉన్న ఇల్లు మాత్రం, రజినికి తెలిసినంతలో, తమదొక్కటే. నాలుగడుగుల గాజు తొట్టె, మూడు వందల లీటర్ల నీళ్ళు, హైదరాబాదు నుంచి తెప్పించిన బస్తా ఉప్పు. ఈ ఊళ్ళో ఏ దిక్కుకు రైలెక్కినా ఒక రాత్రి గడిస్తే గాని సముద్రం కనిపించదు. అటువంటి సముద్రాన్ని ఆమె మొగుడు బెన్‌హర్ వినాయక్‌నగర్‌లోని రెండు గదుల కిరాయి ఇంట్లో, టీవీ ఉండాల్సిన చోట తెచ్చి పెట్టాడు. ఇంటికొచ్చిన చుట్టాలు మొదట చేపల్ని చూసేవాళ్ళు, తర్వాత టీవీ ఏదని అడిగేవాళ్ళు, ఆ తర్వాత జాలిగా రజిని ముఖం చూసేవాళ్ళు.

రజినికి ఆ తొట్టె మీద కోపం లేదు. ఎందుకుంటుంది? మొగుణ్ణి ఇంటిపట్టున ఉంచింది అదే. పెళ్ళయి పదేళ్ళు. అందులో ఎనిమిదేళ్ళు ఆయన మస్కట్‌లో, ఒక పెద్ద హోటలు హాల్లో గోడంత తొట్టెకు చాకిరీ చేశాడు. అద్దాలు తుడిచే పనికి చేరి, మేత వేసే పనికి ఎదిగి, చివరికి ఆ నీళ్ళకు ఏ జబ్బు చేసిందో చూసి చెప్పేంతవాడయ్యాడు. రెండేళ్ళకొకసారి నెల రోజులు వచ్చిపోయేవాడు. నిరుడు డిసెంబరులో ఇక పోనని వచ్చేసినప్పుడు, వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు సింధూజ కొన్నాళ్ళు ఏది కావాలన్నా తల్లి చెవిలో చెప్పి "నువ్వే చెప్పు ఆయనకు" అనేది. ఇప్పుడు పొద్దున లేస్తూనే తండ్రి మెడ పట్టుకుని తొట్టె ముందు నిలబడుతుంది. అందులో తెల్ల పట్టీల నారింజ చేపలు రెండు. అవి కాపురముండే అనెమోన్ ఒకటి, పువ్వులా వేళ్ళు చాపుకుని కూర్చునే జంతువు. ఎర్ర గీతల రొయ్య ఒకటి. నత్తలు పన్నెండు. రొయ్యకు గుడ్‌మార్నింగ్ చెప్పకుండా ఆ పిల్ల బడికి పోదు.

అయితే చేపల్ని చూస్తూ కూర్చుంటే ఇల్లు గడవదు కదా. బెన్‌హర్ ఏసీలు బాగుచేసే పనికి పోతున్నాడు గాని, వానలు మొదలయ్యాక ఆ పని అంతంతమాత్రం. అటువంటి సమయంలో దేవుడు పంపినట్టు డాక్టర్ నాగేందర్ కబురు వచ్చింది. ఆయన పిల్లల డాక్టరు, బోధన్ రోడ్డులో కొత్త ఆస్పత్రి కడుతున్నాడు. పిల్లలు సూదిమందు భయం మరిచిపోయేట్టు వాళ్ళు కూర్చునే హాల్లో పదడుగుల ఉప్పునీళ్ళ తొట్టె పెట్టించాలని ఆయన కోరిక. దాన్ని కట్టడానికి, కట్టాక ఏడాది పొడుగునా చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ముందు ఇంట్లో ఉన్న తొట్టె చూస్తానని, శనివారం పొద్దున పదకొండు గంటలకు వస్తానని చెప్పాడు. ఆయనకు నచ్చితే బెన్‌హర్ ఇక్కడే ఉంటాడు. నచ్చకపోతే మళ్ళీ మస్కట్. ఆర్మూరులో ఏజెంటు ఆత్మారాం దగ్గర వీసా సిద్ధంగా ఉంది, పాస్‌పోర్టు కూడా ఆయన చేతిలోనే ఉంది. శనివారం సాయంత్రం లోపల ఔననో కాదనో చెప్పాలి.

తొట్టె చూస్తేనేమో పాచి.

గోడలకు పట్టే మెత్తటి పాచి అయితే ఒక తీరు. ఇది పచ్చటి వెంట్రుకల్లా రాళ్ళ మీద కుచ్చులు కుచ్చులుగా లేచి, నీళ్ళు కదిలినప్పుడల్లా ఊగే రకం. రెండు నెలల కింద ఒక రాయి మూల బొటనవేలంత కనిపించింది. కొత్త తొట్టెకు మామూలే అన్నాడు బెన్‌హర్, గీకేశాడు. వారం తిరిగేసరికి రెండు రాళ్ళ మీద లేచింది. నత్తలు తింటాయన్నాడు. నత్తలు కొంత తిన్నాయి, ఆ తర్వాత వాటికీ మొహం మొత్తినట్టుంది, అటు వైపు పోవడం మానేశాయి. మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి చూస్తే ఒక్క రాయి కూడా రాయిలా లేదు. పంపు గొట్టం మూతికి కూడా గడ్డం మొలిచింది.

సోమవారం ఆయన పనికి పోకుండా పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకుని, మోచేతి దాకా చెయ్యి ముంచి, రాయి రాయినీ గీకాడు. ఊడిన పోగుల్ని పైపుతో పీల్చి బకెట్లో పోసి, "ఇగ రాదు" అన్నాడు. మంగళవారం వచ్చింది. వెలుగు ఎక్కువైందని లైటు సగం పూట ఆర్పాడు. మేత ఎక్కువైందని చేపలకు పూటకు నాలుగు పలుకులే వేశాడు. ఇంట్లో ఎవరైనా చాటుగా మెతుకులు వేస్తున్నారేమోనని తల్లీకూతుళ్ళనిద్దరినీ నిలబెట్టి అడిగాడు, సింధూజ ఏడ్చింది. పెట్టెలోంచి చిన్న గాజుగొట్టాలు తీసి, తొట్టె నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూశాడు. నీళ్ళలో ఏ దోషమూ కనిపించలేదు. దోషం కనిపించి ఉంటే ఆయనకు ఇంత గోస ఉండేది కాదు. ఏమీ కనిపించకపోవడమే ఆయన్ను తినేసింది.

"డాక్టరుకు ఫోన్ జేసి ఓ పదిహేను దినాలు ఆగుమందునా?" అని అడిగాడు.

"వద్దు" అంది రజిని వెంటనే. "పెద్దోళ్ళు. ఒకసారి ఆగుమంటే ఇగ మళ్ల ఇటు మొకం సూడరు."

ఆ మాట అన్నది తానే. తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో, ఎన్నిసార్లు నాలుక కొరుక్కుందో లెక్కలేదు. కాని ఆ పూట ఆమెకు అంతకంటే మంచి మాట తోచలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి తొట్టె దగ్గరికి వచ్చేది, తొట్టె చూసి పప్పు మాడ్చేది. బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ లోపలికి వచ్చి పాచి ఎంత పెరిగిందో చూసి పోయేది. బుధవారం, గురువారం, శుక్రవారం అని వేళ్ళు ముడుచుకునేది. ఎన్నిసార్లు ముడిచినా మూడే వేళ్ళు.

బుధవారం పొద్దెక్కాక మామ హనోకు, అంటే బెన్‌హర్ తండ్రి, వచ్చాడు. బోధన్ అవతలి పల్లెలో రెండెకరాలు కౌలుకు పట్టి వరి వేస్తాడు. వెనకట చెరుకు నరికే పనికి పోయేవాడు, ఫ్యాక్టరీ మూతబడ్డాక వరికి మళ్ళాడు. కళ్ళు మసకబారుతున్నాయని కంటి ఆస్పత్రిలో చూపించుకోవడానికి వచ్చాడు. వస్తూ వస్తూ మందుల దుకాణంలో పొలానికి కావాల్సినవి కొని, ఆ సంచి వరండాలో మూలకు పెట్టాడు. లోపలికి వచ్చి, తొట్టె ముందు నడుం వంచి, గాజుకు ముక్కు ఆనించి చూశాడు.

"గిదేంది బిడ్డా, మడిల వట్టినట్టు పాచి వట్టింది?"

"ఏం జేసినా పోతలేదు మామా. మీ మడిల గూడ గిట్లనే వస్తదా?"

"ఎందుకు రాదు? యూరియా ఎక్కువైతే వస్తది. ఎరువు నీళ్ళల్లకు దిగిందంటే పాచికి పండుగే" అన్నాడు హనోకు, కుర్చీలో కుదురుగా కూర్చుని. పొలం మాట వస్తే ముసలాయన గొంతులోకి ఎక్కడలేని బలం వస్తుంది. "గప్పుడు మేమేం జేస్తం? మైలుతుత్తం గడ్డ గింత, గోనెగుడ్డల మూటగట్టి మడవకాడ ఏలాడగడ్తం. నీళ్ళు దాని మీదికెల్లి మడిలకు వోతయి. రెండు దినాలల్ల పాచి తెల్లవడి సస్తది. గా సంచిలున్నది గదే."

మడవ అంటే కాలువ నీళ్ళు మడిలోకి దిగే నోరు. రజిని పుట్టింటివాళ్ళకూ పొలం ఉంది, ఆ నోటి దగ్గర నీలం మూట వేలాడటం ఆమె చిన్నప్పుడు చూసిందే.

"వరికేం గాదా?"

"వరికేమైతది? నాకు పెండ్లి గాక ముందటి సంది ఏస్తున్న, ఎన్నడన్న వరి సచ్చిందా?"

ముసలాయన ఒక్క ఊపిరిలో రెండు మాటలు చెప్పాడు. పాచి ఎందుకు వస్తుందో చెప్పాడు, ఎట్లా చస్తుందో చెప్పాడు. రజిని చెవికి ఆ రెండోదే ఎక్కింది. మొగుడు వెళ్ళిపోతాడన్న భయంలో ఉన్న మనిషికి ఎందుకు అన్న ప్రశ్నతో పనేముంది? శనివారానికి పోవాలి, అంతే.

బెన్‌హర్‌ను అడగాలని అనుకోకపోలేదు. సాయంత్రం టీ ఇస్తూ నోరు తెరిచింది కూడా. ఆయన తొట్టె ముందు పీట వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పాచి కేసి అట్లా చూస్తూ కూర్చున్నాడు. ఆ వాలకం చూసి ఆమె నోరు మూసుకుంది. అడిగితే వద్దంటాడు. ప్రతిదానికీ మెల్లగా అంటాడు, నీళ్ళ పని మెల్లగానే చేయాలంటాడు. మెల్లగా చేయడానికి మూడు రోజులు ఎక్కడ సరిపోతాయి?

గురువారం పొద్దున తండ్రీకొడుకులు కంటి ఆస్పత్రికి పోయారు. సింధూజ బడికి పోయింది. రజిని వరండాలోకి పోయి మామ సంచి మూతి విప్పింది. నీలపు గడ్డలు, చూడటానికి ఎంత అందంగా ఉన్నాయో! ఎకరానికి ఇంతని లెక్క ఉంటుంది, తొట్టెకెంతో ఏ దుకాణదారుడు చెబుతాడు? ఎందుకైనా మంచిదని చాలా చిన్నది వెతికి, చింతగింజంత తీసుకుంది. పాత నూలు చున్నీ చింపి మూటగట్టింది. తొట్టె వెనక ఒక గాజు అర ఉంది. నీళ్ళు అందులోకి దిగి, దూది పొరల్లోంచి వడపోసుకుని, పంపు ద్వారా మళ్ళీ తొట్టెలోకి వస్తాయి. అచ్చం మడవే. దారం కట్టి మూటను అందులోకి జారవిడిచింది. "యేసయ్యా, శనివారం ఒక్కటి దాటియ్యి" అనుకుంది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. తప్పు చేస్తున్నానని తెలియకపోతే రెండుసార్లు ఎందుకు కడుక్కుంటుంది?

సాయంత్రానికి పాచి కొసలు వెలిసినట్టు అనిపించాయి. నిజంగా వెలిశాయో, ఆమె కళ్ళే అట్లా చూశాయో. ఆ పూట ఆమె కూర మాడలేదు. మామకు ఇష్టమని సర్వపిండి కూడా చేసింది.

శుక్రవారం పొద్దున సింధూజ కేక వేసింది.

"డాడీ! రొయ్య పండుకున్నది!"

రజిని చేతిలో పాలగిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టిందో తర్వాత గుర్తులేదు. రొయ్య ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది, కాళ్ళు పైకి ముడుచుకుని. నత్తలు గాజు మీద ఒక్కటి లేదు, అన్నీ కింద రాలి, నోళ్ళు బయటికి వేలాడేసుకుని పడున్నాయి. అనెమోన్ కుంచించుకుపోయి, తడిగుడ్డ పిండి పారేసినట్టు రాయికి ఆనుకుని ఉంది. చేపలు రెండూ నీళ్ళ పైకొచ్చి దవడలు కొట్టుకుంటున్నాయి. బెన్‌హర్ పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళు మార్చడానికి ముందురోజు కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్ళ బకెట్ ముందుకు లాగి, రెండు చేపల్నీ వలతో పట్టి అందులో వేశాడు. గాలిగొట్టం పెట్టాడు.

ఆయన బకెట్ మీదికి వంగిన క్షణంలో రజిని వెనక అరలో చెయ్యి పెట్టి మూటను లాగేసింది. లోపల గడ్డ లేదు, పూర్తిగా కరిగిపోయింది. తడిగుడ్డను పిడికిట్లో కుక్కుకుని వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర హనోకు నిలబడి ఉన్నాడు. పిడికిట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, వేళ్ళ సందుల్లోంచి గుడ్డ కొస నీలంగా కనిపిస్తోంది. కళ్ళు మసకబారితేనేం, నలభై ఏళ్ళుగా ఎరిగిన రంగది. ఆయన ఆమె చేతిని చూశాడు, ముఖం చూశాడు, మనవరాలిని తీసుకుని బయటికి పోయాడు. ఆ పిల్లను ఏడుపుతోనే బడికి దింపి వచ్చాడు.

పది గంటలకల్లా బెన్‌హర్ ఉప్పు కొలిచాడు, వేడి కొలిచాడు, చుక్కలు వేసి చూశాడు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి కొలిచాడు. ఆ తర్వాత పీట మీద కూలబడ్డాడు.

"నేనే సంపిన" అన్నాడు. "రాళ్ళు గీకి గీకి లోపలి మురికంత లేపిన. ఎనిమిదేండ్లు ఆడ జేసింది పని గాదు రజినీ. మేనేజర్ ఏం జెప్తే గది జేసిన, గంతే. నా అంతట నాకేం రాదు."

"గట్లెందుకు అంటవ్..."

"మరెట్లనాలె? రేపు డాక్టరుకు ఏం జూపియ్యాలె, గీ బకెటా? పసిపిల్లలు కూసునే కాడ నాకు తొట్టి అప్పజెప్పితే ఆడ గూడ గిట్లనే సంపుత." జేబులోంచి ఫోను తీశాడు. "ఆత్మారాంకు చెప్పేస్త. అద్దాలు తుడుసుడన్న వచ్చు నాకు."

చెబితే ఏమవుతుందో రజిని పొద్దుటి నుంచీ ఆలోచిస్తూనే ఉంది. చెబితే ఆయన కోపానికి పోవచ్చు, జన్మలో మళ్ళీ ముఖం చూడకపోవచ్చు. చెప్పకపోతే ఏమీ కాదు, ఎవరికీ తెలియదు, అనుకుంది. ఇప్పుడు చూస్తే చెప్పకపోవడమే ఆయన్ను విమానం ఎక్కిస్తోంది. దేనికి భయపడి మూట కట్టిందో అదే నోరు మూసుకున్నందుకు జరగబోతోంది. కొంగున ముడివేసిన తడిగుడ్డ మీద చెయ్యి వేసింది. ముడి విప్పలేకపోయింది.

"నేను ఏసిన" అన్నాడు హనోకు.

బెన్‌హర్ తలెత్తాడు.

"మైలుతుత్తం. నిన్న పొద్దుగాల, దావఖానకు పోయేముందట. పాచి పోతదని నేనే ఏసిన బిడ్డా."

బెన్‌హర్ కాసేపు తండ్రి కేసి గుడ్లప్పగించి చూశాడు. తర్వాత లేచాడు. రజిని ఆయన నోట తండ్రిని ఎత్తిపొడిచిన మాట ఎన్నడూ వినలేదు. మస్కట్ నుంచి ఫోన్ చేసినా మొదట బాపు తిన్నాడా అని అడిగే మనిషి.

"నీకెందుకే బాపు? నిన్నెవరు అడిగిండ్రు? గది మడా? మైలుతుత్తమంటే రాగే, రాగి వడితే నత్త బతుకదు, రొయ్య బతుకదు, గా రాళ్ళల్లకు ఇంకినంక ఇగ ఎన్నటికీ పోదు! ఎనిమిది నెలలు..., నా పని, నా బతుకు..., నీ యెడ్డితనంతోని..."

ముసలాయన కంటి ఆస్పత్రిలో ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, తలవంచుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పటేళ్ళ ముందు కూడా ఆయన చేతులు కట్టుకోవడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. కొడుకు ముందు కట్టుకున్నాడు. అది చూసి రజిని ఇక ఆగలేకపోయింది.

"మామ గాదు. నేను."

కొంగు ముడి విప్పింది. పొద్దుటి నుంచీ కొంగులో ముడివేసుకుని తిరుగుతున్న ఆ గుడ్డపేలిక నేల మీద పడింది.

"మామకు ఎరుకనే లేదు. సంచిలకెల్లి నేనే తీసిన. చింతగింజంత. శనారంలోపల పోవాల్నని... నువ్వు పోతవని..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

బెన్‌హర్ ఆ గుడ్డను చూశాడు. దానికంటే అరిచినా బాగుండేది. ఇల్లంతా బకెట్లో గాలి బుడగల చప్పుడే.

హనోకు ఊరుకోలేకపోయాడు. కోడల్ని కాయాలన్న తొందరలో నోటికొచ్చిందల్లా మాట్లాడటం మొదలుపెట్టాడు. "పిల్లకేం తెల్సు బిడ్డా. తప్పు నాది, నేను జెప్పిన. మడిల మేం నత్తలు సావాల్నని గూడ ఏస్తం, గది జెప్పుడు యాదిమర్సిన. పాచేమో యూరియాకు వస్తదంటి. నీళ్ళల్ల ఎరువు దిగితే పాచి గాక ఇంకేం..."

"ఏమన్నవ్?" అన్నాడు బెన్‌హర్.

"ఏమన్న?"

"యూరియా అన్నవ్ గద. నీళ్ళల్ల."

"మా తాన గంతే బిడ్డా. మడికి వోసింది బోరులకు దిగుతది, బోరులది మళ్ల మడికే వస్తది."

బెన్‌హర్ వంటింట్లోకి నడిచాడు. అక్కడ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఉంది. ఊరవతల పొలాల మధ్య ఉన్న ప్లాంటు నుంచి రెండు రోజులకొకసారి ఆటోలో వస్తుంది. ఇంట్లో తాగేది అదే, ఉప్పు కలిపి తొట్టెలో పోసేదీ అదే. మినరల్ వాటర్ అని క్యాన్ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ప్రతి వారం తొట్టె నీళ్ళను పరీక్ష చేసిన మనిషి, క్యాన్ నీళ్ళను ఒక్కసారి కూడా చేయలేదు. మనుషులు తాగే నీళ్ళను చేపల కోసం పరీక్షించాలని ఎవరికి తడుతుంది? మస్కట్ హోటల్లో నీళ్ళు శుద్ధి చేసే పని వేరేవాళ్ళది, ఈయన దాకా వచ్చేసరికి అవి మచ్చలేని నీళ్ళు.

గాజుగొట్టంలో క్యాన్ నీళ్ళు పట్టాడు. చుక్కలు వేసి, ఊపి, కిటికీ వెలుగుకు పట్టుకుని నిలబడ్డాడు. రజినీ హనోకూ వెనకాల నిలబడి చూశారు. నీళ్ళు మొదట పసుపుగా అయ్యాయి, తర్వాత నారింజ, తర్వాత ఎరుపు. ఎరుపు అంతకంతకూ చిక్కబడింది, నీళ్ళలో ఎరువు ఉన్న కొద్దీ వచ్చే రంగది.

"ఇన్నొద్దుల సంది పాచికి నేనే మేతేసిన" అన్నాడు బెన్‌హర్ నెమ్మదిగా. "పోసిందంత పాచి తినేస్తుంటే తొట్టి నీళ్ళల్ల నాకేం కనవడ్తది?" గొట్టాన్ని కిటికీలో నిలబెట్టి, క్యాన్ మూత బిగించాడు. "ఇవి సింధుకు పట్టియ్యకు. నువ్వు గూడ తాగకు." అది ఆమెతో అన్న మాటే గాని, అన్నప్పుడు ఆయన చూపు ఆమె మీద లేదు.

ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు. రజిని తలుపు పక్కన నిలబడిపోయింది. ఏ నంబరు నొక్కుతున్నాడో ఆమెకు కనిపించలేదు.

"నమస్తే సార్, బెన్‌హర్‌ను" అన్న మాట వినిపించింది. సార్ అంటే డాక్టరు. "రేపు రాకుండ్రి సార్. ... లేదు సార్, సచ్చిపోయినయి. నీళ్ళల్ల రాగి కలిసింది. ... మా ఇంట్ల పొరపాటే సార్, బయటోళ్ళది గాదు."

మా ఇంట్ల అన్నాడు. రజిని కళ్ళు మూసుకుంది. డాక్టరును రావద్దన్నాడంటే అయిపోయినట్టే. ఇక మిగిలింది ఆత్మారాం. పెట్టె అటక మీదే ఉంది, దించి దులపాలి. సింధూజకు ఏమని చెప్పాలి? రెండేళ్ళకు పదకొండేళ్ళు వస్తాయి దానికి. మళ్ళీ చెవిలోనే చెబుతుంది కాబోలు.

"పాచి ఎందుకొస్తున్నదో గిప్పుడే దొరికింది సార్" అంటున్నాడు ఆయన. "గీ రాళ్ళు, ఇసుక అన్ని పారేసి మళ్ల మొదటికెల్లి కట్టాలె. మూడు నెలలు వడ్తది. మీకు ఆగుడు గాకపోతే ఇంకెవరికన్న ఇచ్చుకోండ్రి, నేనేం అనుకోను. ... సరే సార్. ... సరే."

తర్వాత ఇంకో నంబరు నొక్కిన శబ్దం.

"ఆత్మారాం సేట్, నేను. ... ఆఁ, గందుకే చేసిన. నా పాస్‌పోర్ట్ తీసి వెట్టు, రేపొచ్చి తీస్కపోత. ... లే. రాను. ... రాను అంటున్న గద సేట్."

రజిని గడప మీదే కూర్చుంది. ఏడుపు రాలేదు. పొద్దుటి నుంచి ఏడ్చింది చాలు.

బెన్‌హర్ లోపలికి వచ్చి, చచ్చిన నత్తల్ని ఏరడానికి తొట్టెలో చెయ్యి పెట్టాడు. హనోకు పెరట్లోకి జారుకున్నాడు. రజిని లేచి, కొంచెం దూరంగా, గోడకు ఆనుకుని నిలబడింది.

"డాక్టర్ సార్ ఏమన్నడు?"

"ఆలోచిస్త అన్నడు."

"అంటే?"

"అంటే ఆలోచిస్తడు."

ఒక్కో నత్తనూ తీసి పళ్ళెంలో పెడుతున్నాడు. రొయ్యను తీసి వేరుగా, ఒక చిన్న గిన్నెలో పెట్టాడు. ఆ గిన్నె ఎవరి కోసమో రజినికి తెలుసు. సాయంత్రం ఆ పిల్ల బడి నుంచి వచ్చి అడుగుతుంది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు" అన్నాడు ఇటు తిరగకుండానే. "నాతోని గాదని నువ్వు ఎప్పుడు అనుకున్నవ్?"

గాదు, నేనట్లా అనుకోలేదు అనడం ఎంత సులువు! ఆ మాట నాలుక చివరనే ఉంది. కాని ఆ రోజుకు దాచింది చాలనిపించింది.

"సోమారం" అంది రజిని.

బెన్‌హర్ చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. తర్వాత తల తిప్పి, పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె ముఖం చూశాడు.

"నేను ఐతారమే అనుకున్న, చర్చికెల్లి రాంగనే" అన్నాడు. "నీకెట్ల చెప్పాల్నో తెల్వక గీకుకుంట కూసున్న."